హరిచందన

హాజరుపట్టీ చదవడం కన్న విసుగు పుట్టించే పని మా వృత్తిలో మరొకటి లేదని నా తోటి లెక్చరర్లు అంటూంటారు. నేను ఒప్పుకోను. వాళ్ళు రోల్ నంబర్లు పిలిచి ఊరుకొంటారు గనుక వాళ్ళకు విసుగు. నేను పేర్లు పిలుస్తాను. అరవై పేర్లు పిలవడానికి అయిదు నిమిషాలు పడుతుంది. ఆ అయిదు నిమిషాల్లో ఒక ప్రాంతపు చరిత్ర వినవచ్చు.

నేను ఉద్యోగంలో చేరి ఇరవయ్యేళ్ళు దాటింది. చేరిన కొత్తలో మా విజయనగరం ప్రాంతపు పట్టీలో సగం పేర్లను ఇద్దరే దేవతలు పంచుకొనేవారు. సింహాచలం కొండమీది అప్పన్న ఒకరు, ఊళ్ళోని పైడితల్లి ఒకరు. అప్పలనాయుడు, అప్పలరాజు, అప్పలనర్సమ్మ ఒక వరస. పైడిరాజు, పైడయ్య, పైడమ్మ ఇంకొక వరస. నడుమ నడుమ సన్యాసిరావులూ, రమణమ్మలూ, సత్యవతులూ. ఇప్పుడు పట్టీ విప్పితే సాయితేజ, ప్రణీత్, లాస్యప్రియ, హిమబిందు. అప్పన్న పూర్తిగా కొండెక్కి కూర్చొన్నాడు, పైడితల్లి సిరిమానోత్సవం నాడు మాత్రమే కనిపిస్తోంది.

ఇది చూచి “కలికాలం” అని నిట్టూర్చే జట్టులో నేను లేను. పేర్లు మారితే మారనీండి. మా తాతగారి తరంలో గవరయ్యలూ పోలమ్మలూ పోయి రామారావులూ సుశీలలూ వచ్చినప్పుడు కూడా ఎవరో నిట్టూర్చే ఉంటారు. నా బాధ వేరు. సమాసం కనబడితే విగ్రహవాక్యం చెప్పకుండా ఉండలేను. తెలుగు ఎం.ఏ. చదివినవాడికి పట్టుకొనే జబ్బు ఇది. పెన్షను పుచ్చుకొన్నాక గాని కుదరదనుకొంటాను. హిమబిందు అనగానే “హిమము యొక్క బిందువు, షష్ఠీ తత్పురుషం” అని నా నోరు దానంతటదే అనేస్తుంది. లాస్యప్రియ అంటే “లాస్యము ప్రియముగా గలది, బహువ్రీహి”. పిల్లలు నవ్వుతారు, సమాసం గుర్తుంటుంది. పాఠం చెప్పే పద్ధతి ఇదేనని నాకు కొంచెం గర్వం కూడా ఉండేది.

కిందటి ఏడు బి.కాం. మొదటి సంవత్సరం క్లాసులో మొదటిసారి పట్టీ చదువుతూండగా “హరిచందన” అన్న పేరు వచ్చింది. రెండో బల్ల చివర ఒక సన్నటి అమ్మాయి చెయ్యెత్తింది. అప్పటికి ఆ వారంలోనే తల్లిదండ్రుల పేర్లు అతికించి చేసిన పేర్లు రెండు నా ఊహకు దొరికాయి. ఈ మధ్య అదొక వేడుక గదా. తండ్రి పేరులో రెండక్షరాలు, తల్లి పేరులో రెండక్షరాలు తీసి, ఏ నిఘంటువులోనూ లేని మాట ఒకటి తయారు చేసి బిడ్డకు పెట్టుకొంటారు. ఆ ఉత్సాహంలోనే ఉండి, “హరియును చందనయును. ద్వంద్వ సమాసం. నాన్నగారు హరి, అమ్మగారు చందన, అంతేనా అమ్మా?” అన్నాను.

క్లాసు నవ్వింది. ఆ అమ్మాయి లేచి నిలబడి, “నాన్న పేరు హరేనండీ. అమ్మ పేరు చందన కాదండీ” అన్నది.

“అయితే సగమే ద్వంద్వం!” అన్నాను. క్లాసు ఇంకా నవ్వింది. ఆమె కూర్చొంది. నేను తరువాతి పేరుకు వెళ్ళిపోయాను.

పక్షం రోజులు గడిచాక ఒక మధ్యాహ్నం స్టాఫ్‌రూము గుమ్మం దగ్గర అదే అమ్మాయి కాగితం ఒకటి చేత పట్టుకొని నిలుచొని ఉంది. లోపలికి రమ్మన్నాను.

“మాస్టారూ, ఒక్క సందేహం అడగనాండీ? నా పేరులో హరి తీసేస్తే మిగిలినదానికి అర్థం ఉంటుందాండీ?”

“ఉండకేం? చందనం అంటే మంచిగంధం. చక్కని మాట. అయినా ఎందుకమ్మా తీసెయ్యడం?”

ఆమె చెప్పింది. కళ్ళు దించుకోలేదు, గొంతు తగ్గించుకోలేదు; ఫీజు బకాయి ఎంత ఉందో చెప్పినంత మామూలుగా చెప్పింది. తను తొమ్మిదో తరగతిలో ఉండగా తండ్రి ఇల్లు విడిచి వెళ్ళిపోయాడు. వేరే ఊళ్ళో వేరే సంసారం ఉంది. ఈ నాలుగేళ్ళలో డబ్బూ పంపలేదు, ఉత్తరమూ రాయలేదు. తల్లి అంగన్‌వాడీలో పనిచేసి తననూ తమ్ముణ్ణీ చదివిస్తోంది.

“ఎవరు పిలిచినా ముందు ఆయన పేరు వచ్చి, తరవాత నేను వస్తున్నానండీ” అన్నది.

చేతిలోది ఏమిటని అడిగాను. పేరు మార్చుకోవడానికి కావలసినవేమిటో నెట్ సెంటరు కుర్రవాడు రాసిచ్చిన చీటీ. అఫిడవిట్టు, పత్రికల్లో ప్రకటన, గెజెట్టు, ఆపైన పదో తరగతి సర్టిఫికెట్టు నుంచి ఆధార్ దాకా ఒక్కొక్కచోట దిద్దుబాటు. అన్నిటికీ ఖర్చుంది. అంత ఖర్చు పెట్టి తీరా మిగిలిన పేరు అర్థంలేనిదైతే నవ్వులపాలవుతుందని, ముందుగా తెలుగు మాస్టారిని అడిగి నిర్ధారణ చేసికొందామని వచ్చింది. ఇంత జాగ్రత్త ఉన్న పిల్లను నేను క్లాసులో సమాసం చేసి నవ్వించాను.

“రెండు రోజులు వ్యవధి ఇయ్యి. చూసి చెబుతాను” అన్నాను. నిజానికి చందనం సంగతి చూసి చెప్పవలసినంతది కాదు. ఏం చెప్పాలో తోచక అన్న మాట అది.

ఆ రాత్రి అమరకోశం దించాను. అమరసింహుడు తన గ్రంథానికి పెట్టుకొన్న పేరు నామలింగానుశాసనం. అంటే పేర్లనూ, వాటి లింగాలనూ శాసించే గ్రంథం. పేర్ల తగాదాకు ఇంతకన్న పెద్ద కోర్టు మన దగ్గర లేదు.

అందులో హరిచందనం రెండుచోట్ల వస్తుంది. మొదటిది స్వర్గవర్గంలో. దేవలోకంలో అయిదు చెట్లున్నాయి: మందారం, పారిజాతం, సంతానం, కల్పవృక్షం, హరిచందనం. ఈ అయిదింటిలో మన తెలుగువాళ్ళు నెత్తిన పెట్టుకొన్నది పారిజాతాన్ని. నారదుడు తెచ్చిన ఒక్క పువ్వు రుక్మిణికి ఇచ్చినందుకు సత్యభామకు కోపం వచ్చి, చెట్టునే పెకలించుకు రావలసి వచ్చింది శ్రీకృష్ణుడికి. ఆ కథను నంది తిమ్మన ప్రబంధం చేశాడు. మందారానికి పోతన ఉన్నాడు. కల్పవృక్షాన్ని గురించి చెప్పనే అక్కరలేదు, విశ్వనాథవారు రామాయణానికే ఆ పేరు పెట్టారు. పాపం హరిచందనానికే మన సాహిత్యంలో అంతటి యోగం పట్టలేదు. అటువంటిది ఇవాళ మా కాలేజీలోనే ముగ్గురు హరిచందనలున్నారు, మందార ఒక్కతీ లేదు. పారిజాతాలు ఉద్యోగాలు చేసి రిటైరయ్యే వయసులో ఉన్నారు.

రెండోది మనుష్యవర్గంలో, పూతలూ పరిమళాలూ చెప్పేచోట. అక్కడ హరిచందనం దేవలోకపు చెట్టు కాదు, ఒంటికి పూసుకొనే గంధంలో ఒక రకం. ఈ రెండుచోట్లా అమరసింహుడు లింగం కూడా చెప్పాడు. ఆ చెట్టు పేరు నపుంసకలింగం, కావాలంటే పుంలింగం కూడా చేసికోవచ్చునట. గంధం దగ్గర మరీ స్పష్టంగా, స్త్రీలింగంలో మాత్రం కాదన్నాడు. నాకు నవ్వొచ్చింది. కాదన్న లింగంలోనే మనం దాన్ని స్థిరపరిచాం. మగపిల్లవాడికి హరిచందన అని పెట్టినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

ఇదెలా జరిగిందో ఆలోచిస్తే, తప్పు మన పిల్లల తల్లిదండ్రులది కాదు, తెలుగు భాషది. చిన్నయసూరి 1858లో అచ్చువేసిన బాలవ్యాకరణం చదివినవాళ్ళకు ఇది తెలుసు. సంస్కృతంలోని రామ శబ్దం తెలుగులోకి వస్తూ డు తగిలించుకొని రాముడవుతుంది. వనం వంటిది ము తగిలించుకొని వనమవుతుంది. రమా, లతా వంటి స్త్రీలింగ శబ్దాలేమో చివరి దీర్ఘం పోగొట్టుకొని రమ, లత అవుతాయి. కాబట్టి తెలుగు చెవికి అకారంతో ఆగిన మాట ఆడపిల్లలా వినిపిస్తుంది. చందనము లోంచి ము ఊడదీసి చూడండి. చందన! లత పక్కన కూర్చోబెడితే అక్కచెల్లెళ్ళలా ఉంటారు. లావణ్యము, సౌజన్యము, లాస్యము, నవనీతము — సంస్కృతంలో ఇవన్నీ నపుంసకాలే. ఒక్క ము తీసి ఎన్ని ఇళ్ళలో ఆడపిల్లలను చేశామో లెక్కలేదు. పైగా ఏకవచనంలో స్త్రీలనూ, పశువులనూ, వస్తువులనూ ఒకే గాటన కట్టిన వ్యాకరణం మనది. ఈ సంగతి క్లాసులో చెప్పినప్పుడల్లా ఆడపిల్లలు నాతో పోట్లాడతారు. సూత్రం నేను రాయలేదమ్మా అని తప్పుకొంటూంటాను.

ఇక అసలు చిక్కు హరి. నానార్థవర్గంలో ఆ మాటకు అమరసింహుడు పదమూడు అర్థాలిచ్చాడు. యముడు, వాయువు, ఇంద్రుడు, చంద్రుడు, సూర్యుడు, విష్ణువు, సింహం, కిరణం, గుఱ్ఱం, చిలుక, పాము, కోతి, కప్ప. ఇవి గాక కపిల వర్ణం, అంటే పసుపూ గోధుమా కలిసిన రంగు. హరి అన్న పేరుగల పెద్దమనిషి ఎవరైనా ఈ పట్టిక చదివితే విష్ణువు దగ్గర ఆగిపోవడం మంచిది; చివరిదాకా వెళ్ళితే కప్ప ఉంది.

హరిచందనంలో ఉన్న హరి ఈ రంగే అని ఒక వివరణ. హరియైన చందనం, అంటే పచ్చని గంధం, విశేషణ పూర్వపద కర్మధారయం. గంధపుచెక్కను సానమీద అరగదీసినప్పుడు వచ్చే రంగు తెలిసినవాళ్ళకు ఇది వెంటనే నచ్చుతుంది. ఇంకొక వివరణ ప్రకారం హరి అంటే ఇంద్రుడు, ఆయన తోటలోది గనుక హరి యొక్క చందనం, షష్ఠీ తత్పురుషం. ఏది చూచినా ద్వంద్వం మాత్రం కాదు. ఆ రోజు క్లాసులో నేను చేసిన చమత్కారం, మర్యాద సంగతి అటుంచి, వ్యాకరణరీత్యా కూడా తప్పు.

నాకు సంతోషం కలిగింది. ఆ పిల్లకు చెప్పవలసింది దొరికిందనుకొన్నాను. నీ పేరులో ఉన్నవాడు మీ నాన్న కాదమ్మా, అది ఒక రంగు, చందనానికి విశేషణం, దాన్ని గెజెట్టులో వేయించి తీసెయ్యనక్కరలేదు. ఇంతకన్న చల్లని మాట ఏముంటుంది? కాళిదాసును కూడా సాక్ష్యానికి పిలుద్దామనుకొన్నాను. శాకుంతలం ఏడో అంకంలో ఇంద్రుడు తన గుండెమీది హరిచందనం అంటుకొన్న మందారమాలను తీసి దుష్యంతుడి మెడలో వేసిన ముచ్చట ఉంది. ఇంద్రుణ్ణి అక్కడ హరి అనే అన్నాడు కవి. హరీ హరిచందనమూ ఒక్కచోట! పుస్తకం తీసి గుర్తు కూడా పెట్టుకొన్నాను. అప్పుడు గాని ఆ మాటలు ఎవరి నోట వస్తాయో జ్ఞాపకం రాలేదు. దుష్యంతుడి నోట. కట్టుకొన్నదాన్ని మరిచి, కడుపులో ఉన్న బిడ్డ సంగతి పట్టని ఆ మహారాజు, తనకు స్వర్గంలో జరిగిన సన్మానాన్ని తలుచుకొంటూ రథంలో దిగి వస్తున్నాడు. పుస్తకం మూసి బీరువాలో పెట్టేశాను.

మూడోనాడు ఆ అమ్మాయి వచ్చింది. అమరకోశం విప్పి అయిదు చెట్ల పేర్లూ చూపించాను. పదమూడు అర్థాలూ చదివాను. కప్ప దగ్గర కొంచెం నవ్వింది. కర్మధారయం చెప్పాను. పక్క కుర్చీలో బాటనీ మేడమ్‌గారు సమాధాన పత్రాలు దిద్దుకొంటూ అన్నీ వింటున్నారు కాబోలు, ఉండబట్టలేక కల్పించుకొన్నారు.

“మీ అమరకోశంలో ఉందో లేదో గానీ మాస్టారూ, గంధంచెట్టు ఒంటరిగా ఎదగదు. దాని వేళ్ళు పక్క చెట్ల వేళ్ళను పట్టుకొని వాటిలోంచి పోషకాలు లాక్కొంటాయి. అందుకే తోటవేసేవాళ్ళు మొదట్లో దాని పక్కన కంది మొక్క నాటుతారు.”

“కంది చాలాండీ?” అని అడిగింది ఆ అమ్మాయి.

“మొక్కగా ఉన్నప్పుడు చాలు. తరవాత పెద్ద చెట్టు ఉండాలి. వాసన వచ్చేది లోపలి చేవకే, ఆ చేవ కట్టడానికి చాలా ఏళ్ళు పడుతుంది.”

నేను మళ్ళీ నా దారిలోకి వచ్చి, “కాబట్టి చూశావా అమ్మా, నీ పేరులోని హరి మనిషి కాదు. రంగు” అని ముగించాను.

ఆమె కొంచెంసేపు పుస్తకంకేసి చూసింది. “బాగుందండీ” అన్నది. తరవాత, “అమరకోశంలో పదమూడుమంది ఉన్నారు గానీ మాస్టారూ, మా ఇంట్లో హరి అంటే ఒక్కరేనండీ” అన్నది.

నా ఇరవయ్యేళ్ళ ఉద్యోగంలో నాకు జవాబు చిక్కని ప్రశ్నలు చాలానే వచ్చాయి. ఇది ప్రశ్న కూడా కాదు. మాటకు పుట్టుక ఒకటుంటుంది, వాడుక ఒకటుంటుంది, ఈ రెండింటికీ పేచీ వస్తే గెలిచేది వాడుకేనని ఏటా క్లాసులో చెప్పేవాణ్ణి నేనే. చెప్పినవాడికి గుర్తులేదు, విన్నపిల్లకు తెలుసు. “మొదటిరోజు క్లాసులో నేను అలా అనకుండా ఉండవలసింది” అన్నాను. “పరవాలేదండీ, మీకు తెలీదు గదా” అని నమస్కారం పెట్టి వెళ్ళిపోయింది.

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెప్పాలి. చెప్పకపోతే ఆ పిల్లకు సలహా ఇవ్వడానికి నేను అర్హుణ్ణన్న భ్రమ మీకు కలుగుతుంది.

నా పేరులో నడుమ అప్పల అని ఉంది. మా నాన్న సింహాచలం మొక్కు. స్కూల్లో చదివినంతకాలం ఆ మాట నాకు బరువనిపించలేదు. చుట్టూ అందరూ అప్పలలే. ఎం.ఏ.కు విశ్వవిద్యాలయానికి వెళ్ళాక, వేరే జిల్లాల నుంచి వచ్చిన స్నేహితులు ఆ మాటను సాగదీసి పలుకుతూ ఉంటే సిగ్గు పుట్టింది. నేనేమీ గెజెట్టుకు ఎక్కలేదు. అక్షరం మిగిల్చి, దాని పక్కన చుక్క పెట్టాను. అ. అంతే. పైసా ఖర్చు లేకుండా అప్పన్న చుక్కలో దాక్కొన్నాడు. ఉద్యోగంలో అదే పేరు, బోర్డుమీద అదే, పెళ్ళి శుభలేఖమీదా అదే. శుభలేఖలు అచ్చయి వచ్చిననాడు మా నాన్న ఒకటి తీసి, కూడబలుక్కొని చదివి, వేలు ఆ చుక్కమీద పెట్టి, “సామేడిరా?” అన్నాడు. చోటు చాలలేదు నాన్నా అన్నాను. మా నాన్న కార్డు తిప్పి చూశాడు. వెనుక వైపంతా ఖాళీగానే ఉంది. ఏమీ అనలేదు. ఆయన పోయి ఎనిమిదేళ్ళయింది.

కాబట్టి, నచ్చని ముక్కను పేరులోంచి కత్తిరించుకోవడం తప్పని ఆ పిల్లకు చెప్పడానికి నాకు నోరు లేదు. నాకు కేవలం సిగ్గు. ఆమెకు కారణం ఉంది.

దసరా సెలవుల ముందు ఆమె తల్లి ఫీజు కాగితాల పనిమీద కాలేజీకి వచ్చింది. పని చూసుకొని నన్ను వెదుక్కొంటూ వచ్చి, “మాస్టారండీ, పేరు మార్పించేస్తానంటోందండీ. మీ దగ్గరికి వచ్చిందటండీ. మీరేమన్నారండీ?” అని అడిగింది. నేనన్నదీ, ఆ పిల్ల అన్నదీ చెప్పాను. అసలు ఆ పేరు ఎవరు పెట్టారమ్మా అని అడిగాను. ఈ మాట నేను మొదటే అడగవలసింది. అమరకోశం దాకా వెళ్ళి వచ్చాను గాని, బారసాల ఎవరు చేశారని అడగాలని తోచలేదు.

“మా నాన్న పెట్టారండీ” అన్నది.

ఆ పెద్దాయన వ్యవసాయదారుడు. అమరకోశం పేరు కూడా విన్నవాడు కాదు. ఏటా అక్షయ తృతీయకు సింహాచలం నడిచి వెళ్ళడం ఆయన నియమం. సింహాచలం సంగతి ఈ ప్రాంతం బయటివారికి కొంచెం చెప్పాలి. అక్కడి వరాహ నరసింహస్వామి ఏడాది పొడుగునా చందనపు పూతలోనే ఉంటాడు. పురూరవ చక్రవర్తి పుట్టలోంచి స్వామిని వెలికితీసినప్పుడు, తీసిన పుట్టమట్టికి బదులు చందనం పూయమని ఆజ్ఞ అయిందని స్థలపురాణం. వైశాఖ శుద్ధ తదియ ఒక్కనాడే ఆ చందనం ఒలిచి నిజరూపం చూపిస్తారు. ఆ రాత్రికే మళ్ళీ పూత మొదలవుతుంది. ఆ ఒక్కరోజు దర్శనానికి ముందురాత్రి నుంచే జనం వరసల్లో నిలబడతారు.

“అప్పుడు నాకు నెలలు నిండి ఉన్నాయండీ. వద్దు నాన్నా అన్నా వినకుండా వెళ్ళారండీ. రాత్రంతా లైన్లో ఉండి, తెల్లారి దర్శనం చేసుకొని మెట్లు దిగుతుంటే ఎవరో చెప్పారట, మీ అమ్మాయికి ఆడపిల్ల పుట్టిందని. ఇంటికి రాగానే, చందనం తీసిన రోజున పుట్టింది, సామి పేరూ చందనం పేరూ కలిపి పెట్టండన్నారండీ. పంతులుగారిని అడిగితే ఆయన హరిచందన అని చెప్పారండీ.”

నా నాలుగో వివరణ అలా కళ్ళముందు వచ్చి నిలబడింది. హరి అంటే రంగూ కాదు, ఇంద్రుడూ కాదు. అప్పన్న. అక్షరాలా నేను చుక్కలో దాచినవాడు.

“మరి ఈ సంగతి అమ్మాయికి చెప్పలేదా?” అన్నాను. నా గొంతులో తొందర నాకే వినిపించింది. ఇది చెబితే చిక్కు విడిపోయినట్టే గదా!

ఆమె కొంగు వేలికి చుట్టుకొంటూ కొంతసేపు ఊరుకొంది. “సగం చెప్పలేనండీ. చెబితే మొత్తం చెప్పాలండీ. ఆ పేరు వినగానే దాని నాన్న ఎగిరి గంతేశారండీ. నా పేరు కూడా ఉంది దానిలో అని వీధి వీధంతా మిఠాయి పంచారండీ. అప్పుచేసి పంచారండీ. ఆ రోజు ఆ మనిషి సంబరం నిజమేనండీ, అబద్ధం చెప్పకూడదు. అది చెబితే పిల్ల వినదండీ. ఆయన మాటెత్తితేనే లేచి వెళ్ళిపోతుందండీ.”

“మీరు చెప్పండి మాస్టారండీ, మీరు చెబితే వింటుంది” అని కూడా అన్నది. నేను ఒప్పుకోలేదు. పుస్తకంలో ఉన్నది చెప్పడం నా పని. వీధిలో పంచిన మిఠాయి సంగతి ఆ ఇంటివాళ్ళే చెప్పుకోవాలి. మీ నాన్నగారు ఉన్నారా అని అడిగాను. ఉన్నారట, చూపు తగ్గింది, కొండెక్కలేరు, మనవరాలి చేత ఫోనులో దర్శనం చూపించుకొంటారట. “అయితే ఆయన చేత చెప్పించండి” అన్నాను. చూస్తానండీ అని వెళ్ళింది.

చెప్పించిందో లేదో నాకు తెలియదు. అడగడానికి మొహమాటపడ్డాను. సంక్రాంతి తరవాత పరీక్ష దరఖాస్తుల కట్ట నా చేతికి వచ్చింది. అందులో ఆమె పేరు హరిచందన అని ఒకే మాటగా ఉంది, పదో తరగతి సర్టిఫికెట్టులో ఉన్నట్టే. సంతోషించబోయి, ఎందుకైనా మంచిదని అడిగాను.

“మార్చాలంటే అన్నీ మార్చాలటండీ మాస్టారూ. ఈ ఏడు స్కాలర్‌షిప్పు ఆగిపోతుందట. తరవాత చూస్తానండీ” అన్నది.

ఆ వారమే తెలుగు అసైన్‌మెంటు ఇచ్చాను. మీ ఊరి పేరుకు గాని, మీ పేరుకు గాని పుట్టుక రాయమన్నాను. ఆమె తమ ఊరి పేరు తీసికొంది. బాగానే రాసింది, చెరువు గట్టు కథ ఒకటి తాతను అడిగి చేర్చింది. అట్టమీద పేరు రాయవలసినచోట మాత్రం గుండ్రని అక్షరాలతో “హ. చందన” అని ఉంది.

ఆ హ పక్కనున్న చుక్కకేసి కాసేపు చూశాను. ఇరవైకి పదిహేడు వేసి, అడుగున సంతకం చేశాను. నా సంతకంలో ఉన్నదీ చుక్కే.